రైలుబండిలో అన్నము

తిరుమల కొండమీద 1985లో ఆరంభింపబడిన నిత్యాన్నదానము నేటికిని నిరాఘాటముగ సాగుచున్నది. అచ్చట పంక్తిలో గూర్చుండిన వానిని నీ వేతరగతి వాడవని యడుగువారు లేరు. కొండ దిగి రైలెక్కిన యాత్రికునకు మాత్రము అన్నము తరగతిని బట్టి లభించుచున్నది. ఈ వైపరీత్యమును గూర్చి రెండుమాటలు చెప్పదలచితిమి.

1917లో గాంధీమహాత్ముడు మూడవతరగతి ప్రయాణికుల బాధలను లోకమునకు చాటినప్పుడు, స్టేషనులలో నమ్మబడు తినుబండారముల దుఃస్థితిని గూడ వర్ణించెను. మూడవతరగతి యను పేరు పోయినది. కాని యా ప్రయాణికుడు జనరలు పెట్టెలో మిగిలియే యున్నాడు. రిజర్వేషనుగల వాడు టెలిఫోనుమీద కోరిన భోజనము వాని చోటికే వచ్చును. జనరలు పెట్టెలోనో, కాలు మోపుటకే తావులేనప్పుడు అమ్మువాడెట్లు లోనికి రాగలడు? త్రివేండ్రమునుండి ఢిల్లీకి సుమారు 3,000 కిలోమీటర్లు పోవు కేరళ ఎక్స్‌ప్రెస్ మన చిత్తూరు, తిరుపతి మీదుగనే పోవుచున్నది. అట్టి బండిలో బిడ్డలతో గూర్చుండిన తల్లి, అన్నమునకై దిగినచో చోటు పోవును. ఆలస్యమైనచో బండియే పోవును.

ఈ కష్టము ప్రభుత్వమువారు గుర్తింపకపోలేదు. జనరలు పెట్టెలు నిలుచుచోటనే 20 రూపాయలకు భోజనమమ్ము పద్ధతిని 2023లో రైల్వేవారు ప్రవేశపెట్టిరి. 2024లో దక్షిణమధ్య రైల్వే ఈ యేర్పాటు చేసిన స్టేషనులలో తిరుపతి, రేణిగుంట, పాకాల చేరియుండుట మనకు సంతోషకరము. అయితే జనరలు పెట్టెలు తరచుగ బండి రెండు కొనలయందు నుండును. ఒక కొననే బల్ల యున్నచో రెండవకొనవారు పస్తుండవలసినదే. బండి ఆలస్యముగ వచ్చిన రాత్రియందును బల్ల మూయబడరాదు. మన సీమవారికి ప్రీతియగు పెరుగన్నము, పులిహోర యెల్లప్పుడు లభింపవలెను. చిత్తూరు, గూడూరు మొదలగు స్టేషనులన్నిటను ఈ పద్ధతి స్థిరపడవలెను.

ఇక శుభ్రత మాట. కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ వారు 74 స్టేషనులను, 80 బండ్లను పరీక్షించి 2017లో నివేదిక సమర్పించిరి. శుద్ధిచేయని కొళాయినీటిని వాడుట, చెత్తతొట్లకు మూతలు లేకుండుట, బిల్లు లియ్యకుండుట వారి కంటబడినవి. దీనికి మూలమెచ్చట? భోజనము వెల ప్రభుత్వమువారు నిర్ణయింతురు. గుత్త మాత్రము ఎక్కువ పాడినవానికి దక్కును. హెచ్చుగ చెల్లించిన సొమ్మును గుత్తదారు డెట్లు రాబట్టుకొనును? అన్నము తగ్గించియో, వెల పెంచియో! కావున సొమ్మునుబట్టి గాక, వంటశాల శుభ్రతను, ప్రయాణికుల తృప్తిని బట్టి గుత్త నిచ్చుటయే న్యాయము. వెలల పట్టిక ప్రతి పెట్టెలోను తెలుగున గూడ నుండవలెను.

పాఠకులకును ఒక విధి గలదు. బిల్లు లేనిచో సొమ్మీయ నక్కరలేదని రైల్వేవారే ప్రకటించియున్నారు. పదిరూపాయలకు తగవేలయని ఊరకుండు కలిగినవారి యుదాసీనతయే లేనివారికి పన్నుగ పరిణమించుచున్నది. తమకు నష్టము లేకున్నను 139కి ఫిర్యాదు చేయుట విద్యావంతుల ధర్మము.

అధికారులు తమ భోజనవసతిని పరీక్షింపదలచినచో వాతానుకూల శకటమున గాక, బండి చివరి పెట్టెలో నొకపూట ప్రయాణము చేయుదురుగాక. అచ్చటి ప్రయాణికునకు వేడియన్నము చేరిననాడే ఈ సంస్కరణము సఫలమైనదని మేము విశ్వసింతుము.