ఖాలా, సూదికి భయపడకండి

పోయిన ఆదివారం ఖాలా ఫోన్ చేశారు. "బేటా, ఖూన్‌లోంచి కేన్సర్ కణాల్ని కరెంటుతో లాగేస్తున్నారట, వీడియో వచ్చింది. ఇంక ఆ సూది టెస్ట్ ఎందుకు?"

రొమ్ములో గడ్డ ఉందని ఆమెకి రెండు నెలలుగా తెలుసు. డాక్టర్ బయాప్సీ రాశారు. సూది తగిలితే మర్జ్ ఒళ్లంతా పాకుతుందని ఇంట్లో ఎవరో అన్నారు. అంతే, అక్కడే ఆగిపోయింది.

వీడియో ఝూట్ కాదు, ముష్కిల్ అంతా అదే. చిన్నప్పుడు దువ్వెన తలకి రుద్ది కాగితం ముక్కల్ని లేపేవాళ్లం గుర్తుందా? ఇదీ ఆ ఖేలే. సన్నటి ఎలక్ట్రోడ్ల మీదుగా రక్తాన్ని పారిస్తూ, సెకనుకి పదుల వేల సార్లు దిశ మారే కరెంటు పెడతారు. కేన్సర్ కణం పెద్దది, దాని పొర ముడతలు ముడతలుగా ఉంటుంది. ఫ్రీక్వెన్సీ సరిగ్గా కుదిరితే అది ఎలక్ట్రోడ్‌కి అంటుకుంటుంది, రక్తకణాలు దూరం జరిగి కొట్టుకుపోతాయి. హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ కేన్సర్ సెంటర్‌లో గాస్కోయిన్, బెకర్ బృందం 1995లోనే చేసి చూపించింది. కానీ అవి ల్యాబులో పెంచి రక్తంలో కలిపిన కణాలు.

మనిషి ఒంట్లో హిసాబ్ వేరు. ఒక మిల్లీలీటరు ఖూన్‌లో సుమారు 500 కోట్ల ఎర్రకణాలు. మర్జ్ ముదిరినవాళ్లలో కూడా కేన్సర్ కణాలు తరచుగా పది లోపే. గడ్డ చిన్నగా ఉంటే తీసిన గొట్టంలో ఒక్కటీ లేకపోవచ్చు. "ఏమీ లేదు" అనే ఆ రిపోర్టు ఇచ్చే తసల్లీ ఎంత ఖతర్‌నాక్!

ఈ పద్ధతికి ఖదర్ ఉంది, కాదనను. 2004లో అమెరికాలో అనుమతి పొందిన సెల్‌సెర్చ్ పరీక్ష, పొర మీద ఒక ప్రొటీన్ ఉన్న కణాల్నే పడుతుంది. ఇది ఆ నిషాన్ అడగదు, కణాల్ని జిందాగా పట్టొచ్చు. వాటి మీద దవాలు పరీక్షించొచ్చు. అయినా ఇది జల్లెడే, ఇలాజ్ కాదు. గడ్డ ఏ రకమో, దేనికి లొంగుతుందో ముక్క తీసి చూస్తేనే తెలిసేది.

సూది వల్ల పాకడం చాలా అరుదు. ఆలస్యం వల్ల పాకడం మన ఖాందాన్‌లోనే చూశాం. షరమ్‌తో దాచుకునే ఆడవాళ్ల చేతికి ఇంకో బహానా అందించే ముందు, ఫార్వర్డ్ చేసే భాయీలు కాస్త ఆగితే మెహర్బానీ.

"జుమా అయ్యాక చూద్దాం" అన్నారు ఖాలా. నేను మంగళవారానికే నంబర్ రాయించాను. లేడీ డాక్టరేనని చెప్పాక మెత్తబడి, "నువ్వు బయటే కూర్చోవాలి, సరేనా" అన్నారు.