వంద వాట్లు మనకెందుకు?

మన యూనియన్ సాంస్కృతిక విభాగం వాళ్లు ఈ యేడు ఒక గిటార్ ఆంప్లిఫయరు కొనాలనుకుంటున్నారట. అయిదారుగురు మిత్రులు బ్లూస్ వాయించడం నేర్చుకుంటున్నారు. వాయించింది రికార్డు చేసి పెట్టుకోవాలని కూడా వాళ్ల కోరిక. చాలా సంతోషం. అయితే ఏది కొనాలన్న దగ్గర రెండు పక్షాలయ్యాయని విన్నాను. "కొంటే వంద వాట్లది కొనాలి, ఆడిటోరియం దద్దరిల్లాలి" అని ఒక పక్షం. "అంత డబ్బెక్కడిది, చిన్నదేదో కొని సరిపెట్టుకుందాం" అని ఇంకో పక్షం. పాత విద్యార్థిని గనుక, ఈ డబ్బాలతో కొన్నేళ్లు తంటాలు పడ్డవాణ్ణి గనుక, సంచికకు నాలుగు మాటలు రాయమన్నారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చిన్నదే కొనండి. సరిపెట్టుకోవడానికి కాదు, బ్లూస్‌కు కావలసిందే చిన్నది.

ఈ సంగతి నాకు పుస్తకాల్లో తెలియలేదు, ఇంట్లో తెలిసింది. మాది పాన్‌గల్. కోటగుట్ట కింద ఊరు. 2009లో, ఉద్యోగం వచ్చిన కొత్తలో, హైదరాబాదులో ఒక పాత వంద వాట్ల ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయరు కొని, దసరాకు బస్సు మీద వేసుకొని ఊరికి తీసుకుపోయాను. మా పెద్దనాయిన వయసులో ఉన్నన్నాళ్లూ పాలమూరు లేబరుగా ఊళ్లు తిరిగినవాడు. కాలువలు తవ్వినాడు, కట్టలు పోసినాడు. మట్టితట్ట మోస్తూ పాడుకున్న పాటలు ఆయనకు చాలా వచ్చు. ఆయన పాడుతుంటే నేను బ్లూస్ పద్ధతిలో గిటారు వాయిస్తూ రికార్డు చెయ్యాలని నా ఆలోచన.

ఇంటి వసారాలో కూర్చున్నాం. ఆంప్లిఫయరు సౌండు ఒకటో నంబరు మీద పెడితే గిటారు సన్నగా, చల్లగా, ప్రాణం లేనట్టు పలికింది. నేను విన్న రికార్డుల్లో ఉండే ఆ గరగర రావాలని నాలుగు దాకా తిప్పాను. గరగర రాలేదు, వసారా మాత్రం అదిరింది. పెద్దనాయిన గొంతు పెంచాడు. నేనూ పెంచాను. రెండో పాట మధ్యలో ఆపేసి, తుండుతో మొహం తుడుచుకొని అన్నాడు: "నీ డబ్బ నా మాట యింటలేదు కొడుకా. దాని మాట అదే చెప్పుకుంటున్నది."

నాకు కోపం వచ్చింది. ముసలాయనకేం తెలుసు అనుకున్నాను. ఆ మరుసటి యేడు ఆయన పోయాడు. ఆనాటి రికార్డు ఇప్పటికీ నా దగ్గరుంది. అందులో ఆయన గొంతు తేటగా వినిపించేది మొదటి రెండు నిమిషాలే, అంటే నేను ఆంప్లిఫయరు స్విచ్చి వెయ్యకముందు.

ఇక అసలు విషయానికి వద్దాం. బ్లూస్‌కు ఆంప్లిఫయరు ఎందుకు వచ్చింది? 1941లో అలన్ లోమాక్స్ అనే ఆయన అమెరికాలో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తరఫున మిసిసిపీ పల్లెల్లో పాటలు రికార్డు చేస్తూ స్టోవాల్ అనే పత్తి ఎస్టేటుకు పోయాడు. అక్కడ ట్రాక్టరు నడిపే ఒక యువకుడు మామూలు గిటారు మీద పాడి వినిపించాడు. ఆ యువకుడే మడ్డీ వాటర్స్. 1943లో ఆయన రైలెక్కి చికాగోకు వలసపోయాడు. పగలు పని, రాత్రి సారా దుకాణాల్లో పాట. జనం గోలలో మామూలు గిటారు ఎవరికి వినబడుతుంది? 1944 నాటికి ఎలక్ట్రిక్ గిటారు పట్టాడు. పొట్ట చేతబట్టుకొని ఊరు విడిచినవాడి పాట పట్నం రొదలో మునిగిపోకుండా ఉండడానికే ఈ డబ్బా వచ్చింది. బానిసత్వం చవిచూసిన వాళ్ల చరిత్ర వేరు, మన చరిత్ర వేరు, ఆ రెంటినీ ఒకటి చెయ్యను. కానీ బొంబాయి బస్సు కోసం రోడ్డు మీద మూటలతో కూర్చున్న జనాన్ని చూసిన మన జిల్లా వాడికి ఈ కథ వివరించి చెప్పనక్కరలేదు.

ఆ రోజుల్లో వాళ్లకు దొరికినవి చిన్న వాల్వు డబ్బాలు. వాటి శక్తికి మించి వాయించేవారు. అప్పుడు వాల్వు ఏం చేస్తుందంటే, వచ్చిన సిగ్నలు శిఖరాలను మెల్లగా గుండ్రం చేస్తుంది. గిటారు గొంతు కాస్త బొంగురు పోతుంది. మెల్లగా మీటితే తేటగా పలుకుతుంది, గట్టిగా మీటితే గురగురలాడుతుంది. తయారుచేసినవాళ్లు దోషమనుకున్నది వాయించేవాళ్లకు గుణమైంది. 1951లో మెంఫిస్‌లో "రాకెట్ 88" రికార్డు చేసినప్పుడు గిటారు ఆంప్లిఫయరు స్పీకరు దెబ్బతిని ఉంటే, లోపల కాగితాలు కుక్కి అలాగే కానిచ్చారని చెబుతారు. ఆ బొంగురు శబ్దమే ఆ పాటకు పేరు తెచ్చింది.

ఆలోచిస్తే మా పెద్దనాయిన అన్నదీ ఇదే. వేలి బరువును బట్టి గొంతు మార్చుకునే డబ్బాయే మాట వినే డబ్బా. వంద వాట్ల యంత్రాన్ని ఆ స్థితికి తేవాలంటే దాదాపు చివరిదాకా తిప్పాలి. హాస్టలు గదిలో అది కుదిరే పనేనా? నా ట్రాన్సిస్టర్ డబ్బా అయితే చివరిదాకా తిప్పినా శిఖరాలను కత్తితో కోసినట్టు కోసేస్తుంది. అది వినసొంపుగా ఉండదు.

వాట్ల లెక్క గురించి కూడా మనవాళ్లలో పెద్ద భ్రమ ఉంది. వంద వాట్లంటే అయిదు వాట్లకు ఇరవై రెట్లు గనుక ఇరవై రెట్లు గట్టిగా వినిపిస్తుందనుకుంటారు. మన చెవి లెక్క అది కాదు. శక్తి పదింతలైతేనే చెవికి శబ్దం రెండింతలుగా తోస్తుంది. ఇరవై రెట్ల శక్తి అంటే పదమూడు డెసిబెల్స్ తేడా, చెవికి దాదాపు రెండున్నర రెట్లు, అంతే. పైగా స్పీకరు మంచిదైతే అయిదు వాట్ల వాల్వు డబ్బా కూడా మీటరు దూరంలో వంద డెసిబెల్స్ దాటుతుంది. చిన్న గదిలో చెవులు గింగురుమంటాయి. కాబట్టి "అయిదు వాట్లేం సరిపోతాయి" అనే మిత్రులు ఒకసారి విని మాట్లాడాలి.

రికార్డింగుకు చిన్నది చాలదనే మాట కూడా నిలవదు. 1966లో బ్లూస్ బ్రేకర్స్ రికార్డుకు ఎరిక్ క్లాప్టన్ మార్షల్ ఆంప్లిఫయరును స్టూడియోలో బాగా పెంచి వాయించాడు, నిజమే. కానీ ఆయనే 1970లో లైలా ఆల్బమ్‌కు వచ్చేసరికి ఫెండర్ చాంప్ లాంటి చిన్న డబ్బా వాడాడు. ఒక పవర్ వాల్వు, అయిదు వాట్లు, ఎనిమిదంగుళాల స్పీకరు! మైకుకు డబ్బా ఎంత పెద్దదో తెలియదు. ముందున్న గాలి ఎలా కదిలిందో అదే దానికి తెలుస్తుంది.

మరి ఆడిటోరియం సంగతేమిటంటారా? మన హాలులో మైక్‌సెట్టు ఉండనే ఉంది గదా! చిన్న ఆంప్లిఫయరు ముందు ఒక మైకు పెట్టి హాలు స్పీకర్లలోకి పంపితే వెనకబెంచీ దాకా వినిపిస్తుంది. హాలును దద్దరిల్లించే పని మైక్‌సెట్టుది, గొంతునిచ్చే పని ఆంప్లిఫయరుది. ఈ రెండు పనులనూ ఒక్క డబ్బాకే అప్పజెప్పబోవడం వల్లనే వంద వాట్ల మాట వస్తున్నది.

అందుచేత నా సలహా ఇది. డ్రమ్ముతో కలిసి వాయించేది కూడా ఉంటుంది గనుక పన్నెండు, పదిహేను వాట్ల వాల్వు ఆంప్లిఫయరు, పన్నెండంగుళాల స్పీకరుతో, ఒక్కటి కొనండి. మిగిలిన డబ్బుతో ఒక మంచి డైనమిక్ మైకు, స్టాండు కొనండి. 1965 నుంచి వస్తున్న షూర్ ఎస్‌ఎం 57 ఇందుకు పేరుపడ్డది. మైకును స్పీకరు జాలికి రెండు మూడు వేళ్ల దూరంలో పెట్టి, నడిమధ్యన వింటే పదునుగా ఉంటుంది, అంచు వైపు జరిపితే మెత్తబడుతుంది. అరగంట ఓపికతో జరిపి చూడండి. ఏ ఎఫెక్టు పెడలూ ఆ అరగంటకు సాటి రాదు.

వాల్వుల మీద నాకేమీ మూఢభక్తి లేదు. అవి అరుగుతాయి, మార్చాలి, మన దగ్గర అన్నిచోట్లా దొరకవు. బి.బి. కింగ్ అంతటివాడు చాలాకాలం ల్యాబ్ సిరీస్ ఎల్5 అనే ట్రాన్సిస్టర్ ఆంప్లిఫయరే వాడాడు. వేళ్లలో ఉంటే ఎందులోనైనా పలుకుతుంది. ఇప్పుడొచ్చే డిజిటల్ డబ్బాలు కూడా హాస్టల్లో హెడ్‌ఫోన్ పెట్టుకొని సాధన చెయ్యడానికి భేషుగ్గా ఉన్నాయి. ఏది కొన్నా, దుకాణంలో ఎవరో వాయించి చూపితే నమ్మి తెచ్చుకోవద్దు. మీ గిటారు మీరే తీసుకుపోయి, ఒక్క తీగనే మెల్లగా, గట్టిగా మీటి తేడా వినండి. తేడా తెలియకపోతే వదిలేసి రండి.

కరెంటు గురించి ఒక హెచ్చరిక. మన దగ్గర 230 వోల్టులు. అమెరికా నుంచి ఎవరో తెచ్చిన 120 వోల్టుల సెట్టును ట్రాన్స్‌ఫార్మరు లేకుండా పెడితే క్షణంలో బూడిద. పల్లిచేలకు నీళ్లు పెట్టే మోటార్లు ఆన్ చేసినప్పుడల్లా మా ఊళ్లో వోల్టేజి ఊగుతుంది, గిటారులో బుర్రుమని మోత వస్తుంది. మోత పోవాలని ఎర్త్ పిన్ను తీసేసే తెలివిగలవాళ్లున్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి, ప్రాణాలు పోతాయి. వాల్వు సెట్టు లోపల మూడు నాలుగు వందల వోల్టులుంటాయి. ప్లగ్గు తీసిన తర్వాత కూడా కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. మరమ్మతు తెలిసినవాడే మూత తియ్యాలి.

చివరగా ఒక మనవి. ఆంప్లిఫయరు, మైకు కొన్నాక మిసిసిపీ పాటలతోనే ఆగిపోకండి. నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్య గారికి పన్నెండు మెట్ల కిన్నెర మీద 2022లో పద్మశ్రీ వచ్చింది. 2021లో సినిమా పాటలో ఆయన గొంతు వచ్చేదాకా కిన్నెర పేరు కూడా మనలో ఎంతమందికి తెలుసు? సొరకాయ బుర్రల ఆ వాద్యానికి ఆంప్లిఫయరే అక్కరలేదు, ముందు ఒక మైకు, చుట్టూ నిశ్శబ్దం ఉంటే చాలు. మన ఇళ్లల్లో కాలువలు తవ్వి వచ్చినవాళ్లు, నాట్ల పాటలు వచ్చినవాళ్లు ఇంకా ఉన్నారు. సెలవులకు పోయినప్పుడు వాళ్ల దగ్గర కూర్చోండి. ముందు వాళ్లను పాడనివ్వండి, రికార్డు చెయ్యండి. గిటారు ఆ తర్వాత, సౌండు తగ్గించి.

నేను స్విచ్చి ముందు వేశాను. మీరు ఆ పొరపాటు చెయ్యకుండా ఉంటారని, యూనియన్ మిత్రులు వంద వాట్ల ప్రతిపాదనను మరొక్కసారి ఆలోచిస్తారని ఆశిస్తున్నాను.