లేఖ దొరికిన పిమ్మట

గడచిన సంవత్సరము మా పాఠశాలలో పదవ తరగతి బాలిక యొకతె వ్యాకరణపు నోటుపుస్తకమునుండి ఒక లేఖ జారిపడినది. అది తన తరగతి బాలునకు వ్రాసినది. ఆమె యెవరో తెలియకుండుటకై వివరములు కొన్ని మార్చి చెప్పుచున్నాము. ఆ లేఖను ముందు పెట్టుకొని ఉపాధ్యాయుల గదిలో మేమందరము తీర్పరులమైతిమి. పిల్లలు చెడిపోవుచున్నారని యొకరు, ఇదంతయు సినిమాల మహిమయని యొకరు, తండ్రికి కబురు పంపవలెనని యొకరు పలికితిమి. మాలో ఆ లేఖను కడవరకు చదివినవారు మాత్రము లేరు.

మరునాడు చదివితిమి. అందు ప్రేమను గూర్చినది ఒక్క వాక్యమే. మిగిలినదంతయు ఇంటిసంగతి. తల్లి మూడు రాత్రులుగా నిద్రపోలేదు. గోడవైపు తిరిగి తనలో తాను మాటలాడుకొనుచున్నది. ఆ దినము రెండు ముద్దలు తిన్నది. ఆమెను పుట్టింటికి పంపుమని నాయనమ్మ పట్టు పట్టినది. మీరే మా తోబుట్టువు నిట్లు చేసితిరని మేనమామలు తగవునకు వచ్చిరి. ఈ మాటలు చెప్పుకొనుటకు ఆ పిల్లకు దొరికిన చెవి ఆ బాలునిది ఒక్కటే.

అప్పుడు హాజరు పట్టిక తీసి చూచితిమి. మూడు మాసములుగా ఆమె ఆలస్యముగా వచ్చుచున్నది. ప్రతిదినము ఎఱ్ఱసిరాతో గుర్తు పెట్టి వెలుపల నిలువబెట్టితిమి. ఎందుకని ఒక్కనాడైనను అడుగలేదు. ఆ తప్పు నొప్పుకొనియే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

వాన కురియునప్పుడు పిల్ల కనబడిన చూరు క్రిందికి పరుగిడును. ఆ చూరు ఎవరిదని గద్దించుటకు ముందు, తన ఇంటికప్పు ఎందుకు కారుచున్నదో పెద్దలు చూడవలదా?

తలిదండ్రులకు మా మనవి యిది. ఇట్టి లేఖ దొరికినప్పుడు మన ఇండ్లలో రెండు మందులే తెలియును: బడి మాన్పించుట, పెండ్లి చేయుట. అట్లు చేయు తండ్రి దుర్మార్గుడని మేమనము. పరువునకు భయపడినవాడు, బిడ్డ ఎవరితోనైన వెళ్లిపోవునేమోయని భయపడినవాడు. ఆ భయము ఊరక పుట్టినది కాదు. కాని బాలికకు 18, బాలునకు 21 ఏండ్లు నిండక పెండ్లి చేయరాదని 2006 నాటి చట్టము శాసించుచున్నది. చట్టము మాట అటుంచినను, భయపడిన పిల్లను వేరొక ఇంటికి పంపినంతమాత్రమున తల్లి వ్యాధి నయమగునా? పిల్ల భయము తీరునా?

ఇక తల్లి సంగతి. గాలి సోకినదందురు, చేతబడి యందురు, తాయెత్తు కట్టింతురు. వ్యాధి యనుటకు మాత్రము నోరు రాదు. జ్వరమువలె, చక్కెరవ్యాధివలె ఇదియు వ్యాధియే. దీనికిని వైద్యులున్నారు, మందులున్నవి. ఈ విషయమున మన బళ్లారి జిల్లా దేశమునకే దారి చూపినది. 1980 దశకములో బెంగుళూరు నిమ్హాన్స్ వైద్యులు ఈ జిల్లాలోని ఆరోగ్యకేంద్రములలోనే మనోవ్యాధులకు చికిత్స చేయవచ్చునని చేసి చూపిరి. ఆ అనుభవమును ఆధారము చేసికొనియే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము దేశములో ఆరంభమైనది. ప్రభుత్వము నడపు మానసిక వైద్యమును పొందుట ప్రతివ్యక్తి హక్కని 2017 నాటి చట్టము చెప్పుచున్నది. ఊరికంతకు దారి చూపిన దీపము క్రిందనే మనము చీకటిలో కూర్చుండనేల?

భాషవలన కలుగు చిక్కు మరియొకటి కలదు. కూరగాయలు బేరమాడుటకు చాలిన కన్నడము గుండెలోని భయము చెప్పుకొనుటకు చాలదు. అందుచేతనే మన స్త్రీలనేకులు వైద్యుని యెదుట తలనొప్పి యని మాత్రము చెప్పి తిరిగివత్తురు. 2022 అక్టోబరులో ఆరంభమైన టెలీమానస్ అను ప్రభుత్వ సేవ కలదు. 14416 సంఖ్యకు ఫోను చేసి తెలుగులోనే మాటలాడవచ్చును. దానికి రుసుము లేదు; రాత్రింబవళ్లు పలుకుదురు.

విద్యార్థినీ విద్యార్థులారా, మీ వయస్సులో ఒకరిపై మనసు పోవుట పాపము కాదు. కాని ఇంటిబరువంతయు మీవంటి మరియొక పిల్లవాని భుజముమీద పెట్టకుడు, అతడును పదునారేండ్లవాడే. ఇల్లు విడిచిపోయినచో దుఃఖము మీ వెంటనే వచ్చును. తల్లికో తండ్రికో వచ్చిన వ్యాధికి మీరు కారణము కారు. దానిని దాచవలసిన పనియు లేదు. పెద్దవారిలో ఒక్కరికైనను చెప్పుడు. ఇంటిలో వినువారు లేనిచో మాతో చెప్పుడు.

పొరుగు రాష్ట్రమున మాకు శిక్షణ నిచ్చిన గురువులు పాఠమెట్లు చెప్పవలెనో నేర్పిరి. పాఠము వినలేని పిల్ల చెప్పునది వినుట మేమే నేర్చుకొనవలసి వచ్చినది.

ఆ లేఖను తండ్రికి పంపలేదు; బాలికకే తిరిగి యిచ్చి, ఆమె సమ్మతితో వారి యింటికి పోయితిమి. మేము పలుమారులు చెప్పగా తండ్రియు, పెద్దమేనమామయు కలిసి ఆమె తల్లిని ఆసుపత్రికి తీసికొనిపోయిరి. ఆ తల్లి నేటికిని మందులు వాడుచున్నది. పూర్తిగా కోలుకొనలేదు, కాని నిద్రపోవుచున్నది. బాలిక పరీక్ష వ్రాసినది. ఆ బాలుని సంగతి మేమడుగలేదు, ఆమె చెప్పలేదు.

ఇప్పుడు ఆలస్యముగా వచ్చినవారిని ముందుగా ఎందుకని అడుగుచున్నాము. ఎఱ్ఱసిరా కలము తీయుట ఆ పిమ్మటనే.