ప్రభుత్వ తెలుగు పత్రాలు - పీడీఎఫ్ రూపాంతరం : పుట నిలిస్తే చాలదు, అక్షరం నిలవాలి

(ప్రత్యేక వ్యాసం)

ప్రభుత్వ ఉత్తర్వులు, రాజపత్ర ప్రకటనలు, పత్రికా ప్రకటనలు నేడు ప్రజలకు ప్రధానంగా పీడీఎఫ్ రూపంలో అందుతున్నాయి. సమాచార సాంకేతిక చట్టం, 2000లోని 8వ సెక్షన్ ఎలక్ట్రానిక్ రాజపత్రంలో ప్రచురణకు అచ్చు రాజపత్రంతో సమానమైన గుర్తింపు ఇచ్చింది. కేంద్ర ప్రభుత్వం 2015 అక్టోబర్ 1 నుండి రాజపత్రం ముద్రణను నిలిపివేసి, ఎలక్ట్రానిక్ ప్రచురణకు మారింది. ఒకప్పుడు అచ్చు ప్రతికి నకలుగా భావించిన పీడీఎఫ్ ఇప్పుడు అనేక సందర్భాలలో అసలు పత్రమే అయినది. ఈ నేపథ్యంలో, ఆ పత్రంలోని తెలుగు కంటికి కనిపించినట్లే యంత్రానికి కూడా తెలుగుగా అందుతున్నదా అన్న విషయాన్ని పరిశీలించవలసి ఉన్నది.

ఇది కేవలం సాంకేతిక విషయం కాదు. భూసేకరణ చట్టం, 2013లోని 11వ సెక్షన్ ప్రకారం ప్రాథమిక ప్రకటనను రాజపత్రంలోను, ప్రాంతీయ భాషా పత్రికతో సహా రెండు దినపత్రికలలోను, స్థానిక కార్యాలయాలలోను, ప్రభుత్వ వెబ్‌సైట్‌లోను ప్రచురించాలి. ప్రచురించిన తేదీ నుండి 60 రోజులలోగా అభ్యంతరాలు తెలుపుకొనే హక్కును 15వ సెక్షన్ కల్పించింది. ఉపాధి కోసం దూర ప్రాంతంలో ఉన్న రైతు కుటుంబ సభ్యుడు వందల పుటల పీడీఎఫ్‌లో తన గ్రామం పేరును తెలుగులో టైపు చేసి వెదికితే, ఆ పేరు పుటలో స్పష్టంగా ఉన్నప్పటికీ "ఫలితాలు లేవు" అని జవాబు రావచ్చును. ప్రకటన చట్టప్రకారం వెలువడింది, కాని చేరవలసిన వానికి చేరలేదు.

పరికరంపై ఆధారపడని పత్రం

కూర్పు కార్యక్రమాలు సిద్ధం చేసిన పుట ఏ ముద్రణ యంత్రంలోనైనా ఒకే విధంగా రావాలన్న ప్రయత్నం పాతది. డొనాల్డ్ నూత్ రూపొందించిన టెక్ కార్యక్రమం తన ఫలితాన్ని డీవీఐ అనే ఫైలుగా ఇస్తుంది. పరికరంపై ఆధారపడనిది అన్న అర్థంలోనే దానికి ఆ పేరు వచ్చింది. అయితే ఆ ఫైలులో అక్షర రూపాలు ఉండవు. ఏ ఫాంటులోని ఎన్నవ సంఖ్య గల గుర్తు పుటలో ఎక్కడ పడాలన్న సూచనలు మాత్రమే ఉంటాయి. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో డీవీఐ ఫైలు నిరుపయోగం.

అడోబ్ సంస్థ 1984లో పోస్ట్‌స్క్రిప్ట్ భాషను, 1993లో పీడీఎఫ్‌ను ప్రవేశపెట్టింది. ఫాంటును పత్రంలోనే పొదిగి పంపే వీలు కల్పించడం వలన, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో కూడా పుట యథాతథంగా తెరుచుకుంటుంది. 2008లో పీడీఎఫ్ ఐఎస్‌ఓ 32000-1 పేరిట అంతర్జాతీయ ప్రమాణమైనది. టెక్ వినియోగదారులు డీవీఐని డీవీఐపీఎస్ ద్వారా పోస్ట్‌స్క్రిప్ట్‌గాను, దానిని గోస్ట్‌స్క్రిప్ట్ లేదా డిస్టిలర్ ద్వారా పీడీఎఫ్‌గాను మార్చేవారు. పేజ్‌మేకర్‌తో పనిచేసే డీటీపీ కేంద్రాలలోను ఇదే మార్గం నడిచింది. పుటను పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలుగా ముద్రించి, డిస్టిలర్‌కు అప్పగించేవారు.

ఈ మార్గంలో పుట రూపం దెబ్బతినే సందర్భాలు మూడు. ఫాంటును పొదగకపోతే చదివే కంప్యూటర్ మరొక ఫాంటును పెడుతుంది, తెలుగు స్థానంలో అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. చుక్కలతో కూర్చిన ఫాంటును వాడితే కాగితంపై బాగున్న అక్షరం తెరపై మసకగా కనిపిస్తుంది. అమెరికాలో వాడే లెటర్ కొలతకు సిద్ధమైన పుటను ఏ4 కాగితంపై ముద్రిస్తే అంచులు తప్పుతాయి. ఇవి కంటికి తెలిసే దోషాలు, సరిదిద్దడం సులభం. తెలుగు పత్రాలలో అసలు చిక్కు కంటికి తెలియని చోట ఉన్నది.

256 గడులలో తెలుగు

పేజ్‌మేకర్ కాలపు తెలుగు ఫాంట్లు 256 స్థానాల పరిమితిలో తయారయినవి. గుణింతాలు, వత్తులతో కూడిన తెలుగు అక్షర రూపాలన్నీ అందులో ఇమడవు. అందువలన ఫాంటు తయారీదారులు తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు మొదలైన భాగాలను విడదీసి, ఇంగ్లీషు అక్షరాలకు, విరామ చిహ్నాలకు, ఇతర యూరప్ భాషల గుర్తులకు కేటాయించిన స్థానాలలో అమర్చారు. ఆపరేటర్ మీట నొక్కినపుడు ఆ భాగాలు పక్కపక్కన చేరి తెలుగు అక్షరంగా కనిపిస్తాయి. కంప్యూటర్ దాచుకొనేది మాత్రం ఇంగ్లీషు, యూరప్ గుర్తుల వరుసనే. ఈ అమరిక ఒక్కొక్క తయారీదారునిది ఒక్కొక్క తీరు.

ఇటువంటి ఫైలును పీడీఎఫ్‌గా మార్చినపుడు అక్షర రూపాలు పొదగబడతాయి, పుట చూడముచ్చటగా ఉంటుంది. లోపలి పాఠం మాత్రం పాత గుర్తులతోనే నిలుస్తుంది. వెదికితే దొరకదు. నకలు తీసి మరొక చోట అతికిస్తే చిక్కు గుర్తులు వస్తాయి. దృష్టి లోపం గలవారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ వాటినే చదువుతుంది. పత్రికా ప్రకటన అందుకున్న విలేకరి దానిని తిరిగి టైపు చేయించవలసి వస్తుంది. పేర్లు, సర్వే నంబర్లు, మొత్తాలు తారుమారయ్యే అవకాశం అక్కడే ఉన్నది.

ఆనాటి డీటీపీ రంగానికి మరొక మార్గం లేదు. యూనీకోడ్‌లో తెలుగుకు 1991లోనే స్థానం లభించినా, విండోస్ ఎక్స్‌పీ 2001లో గౌతమి ఫాంటుతో వచ్చిన తరువాతనే సాధారణ కంప్యూటర్‌లో యూనీకోడ్ తెలుగు అందుబాటులోకి వచ్చింది. అదే సంవత్సరం వెలువడిన 7.0 రూపమే పేజ్‌మేకర్‌కు ఆఖరిది. అలవాటయిన కీబోర్డు, సిద్ధంగా ఉన్న నమూనా ఫైళ్ళు, ముద్రణకు నప్పే అందమైన ఫాంట్ల కారణంగా పాత పద్ధతి ఆ తరువాత కూడా కొనసాగినది. సిలికానాంధ్ర ద్వారా స్వేచ్ఛా లైసెన్సుతో వెలువడిన మల్లన్న, రామభద్ర, పెద్దన, సూరన్న వంటి యూనీకోడ్ ఫాంట్లు వచ్చిన తరువాత అందమైన ఫాంట్లు లేవన్న కారణం బలహీనపడినది.

యూనీకోడ్ వాడినా జాగ్రత్త అవసరం

యూనీకోడ్‌లో టైపు చేసినంత మాత్రాన సమస్య తీరదు. పీడీఎఫ్‌లో చేరేది అక్షరం కాదు, ఫాంటులోని రూపం సంఖ్య. ఆ రూపం ఏ యూనీకోడ్ అక్షరానికి చెందినదో తెలిపే పట్టిక పత్రంలో ఉండాలి. "స్త్రీ" వంటి సంయుక్తాక్షరంలో వత్తుల రూపాలకు ఈ పట్టిక సరిగా లేకపోతే, అతికించినపుడు వత్తులు రాలిపోతాయి. ఐత్వం రెండు భాగాలుగా పడుతుంది కనుక వరుస తప్పే అవకాశం కూడా ఉన్నది. ఒకే తెలుగు ఫైలును రెండు వేర్వేరు కార్యక్రమాలతో పీడీఎఫ్ చేస్తే ఒకటి వెదకడానికి అనువుగా, మరొకటి అనువు కాకుండా రావడానికి ఇదే కారణం.

దీర్ఘకాల భద్రత కోసం 2005లో వచ్చిన పీడీఎఫ్/ఏ ప్రమాణం ఫాంట్లను పొదగడం తప్పనిసరి చేసింది. అయితే అందులో "బి" స్థాయి పుట రూపాన్ని మాత్రమే కాపాడుతుంది. పాఠం యూనీకోడ్‌లో ఉండాలన్న నిబంధన "ఏ" స్థాయిలోను, 2011 నాటి రెండవ భాగంతో వచ్చిన "యు" స్థాయిలోను ఉన్నది. టెండర్లలో, ఒప్పందాలలో పీడీఎఫ్/ఏ అని మాత్రమే వ్రాసి, స్థాయిని పేర్కొనకపోతే, వెదకడానికి వీలు లేని తెలుగు పత్రం కూడా నిబంధనకు లోబడినట్లే అవుతుంది.

చట్టం చెబుతున్నది

ఈ-పాలనలో భారతీయ భాషలకు యూనీకోడ్‌ను ప్రమాణంగా కేంద్ర ప్రభుత్వం 2009 నవంబర్‌లో ప్రకటించింది. సమాచార హక్కు చట్టం, 2005లోని 4వ సెక్షన్ రికార్డులను సులభంగా అందేలా సూచికలతో, కంప్యూటరీకరించి నిర్వహించాలని నిర్దేశించింది. వికలాంగుల హక్కుల చట్టం, 2016 కింద రూపొందిన 2017 నియమావళిలోని 15వ నియమం వెబ్‌సైట్లలోని పత్రాలు ఈపబ్ రూపంలో గాని, పాఠాన్ని గుర్తించగల పీడీఎఫ్ రూపంలో గాని ఉండాలని పేర్కొన్నది. 2024 నవంబర్ 8న సుప్రీంకోర్టు 15(1) నియమం సూచనప్రాయంగా మాత్రమే ఉండి మూల చట్టానికి అనుగుణంగా లేదని తీర్పు చెబుతూ, తప్పనిసరి ప్రమాణాలను రూపొందించాలని ఆదేశించింది. అందుబాటు అన్నది ఐచ్ఛికం కాదని ఈ తీర్పు స్పష్టం చేసింది.

కార్యాలయ స్థాయిలో చేయదగినవి

పత్రాన్ని వెబ్‌సైట్‌లో ఉంచే ముందు రెండు నిమిషాల పరీక్ష చాలును. ఒక పేరా నకలు తీసి ఖాళీ ఫైలులో అతికించి చూడాలి. వత్తు ఉన్న ఒక గ్రామం పేరును టైపు చేసి వెదకాలి. పత్రం వివరాలలో ఫాంట్లన్నీ పొదగబడినవో లేదో, పుట కొలత ఏ4 అవునో కాదో గమనించాలి.

సంతకం కోసం కాగితంపై ముద్రించి, స్కాన్ చేసి పెట్టే అలవాటు ఉన్న పాఠాన్ని కూడా బొమ్మగా మారుస్తుంది. ఎలక్ట్రానిక్ సంతకానికి సమాచార సాంకేతిక చట్టంలోని 5వ సెక్షన్ గుర్తింపు ఇచ్చినందున, కంప్యూటర్‌లో తయారైన పీడీఎఫ్ పైననే సంతకం చేయవచ్చును. సంతకానికి ముందే అక్షర పరీక్ష పూర్తి కావాలి, తరువాత పత్రాన్ని మారిస్తే సంతకం చెల్లదు.

పాత పత్రాల విషయంలో అసలు పీడీఎఫ్‌ను తొలగించరాదు. ఏ ఫాంటులో కూర్చబడినదో గుర్తించి, దానికి తగిన మార్పిడి సాధనంతో యూనీకోడ్ పాఠం సిద్ధం చేసి, సర్వే నంబర్లను, పేర్లను మనిషి సరిచూసిన తరువాత, అసలు ప్రతికి జతగా ఉంచాలి. రెండింటికీ తేడా వస్తే అసలు ప్రతియే ప్రామాణికమని పేర్కొనాలి. మూల ఫైలును, ఫాంటు పేరును భద్రపరచడం కూడా రికార్డు నిర్వహణలో భాగమే. అన్నిటినీ ఒకేసారి మార్చడం సాధ్యం కానిచోట, గడువులతో ముడిపడిన భూమి ప్రకటనలు, లబ్ధిదారుల జాబితాలు, నియామక ప్రకటనలతో మొదలుపెట్టడం సమంజసం.

ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం వచ్చినది 1966లో. పరిపాలన తెలుగులో సాగాలన్న ఆ ఆశయం, పత్రంలో తెలుగు కనిపించడంతోనే కాక, వెదికినవారికి దొరికినపుడు, చూడలేనివారికి వినిపించినపుడు నెరవేరుతుంది.