తప్పు టవర్‌ది కాదు, బ్రౌజర్‌ది గావచ్చు

మా పెద్దమ్మ కొడుకు గ్రూప్స్‌కు సదువుతున్నడు. కరీంనగర్ పోయి సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ ఒకటి తెచ్చుకున్నడు, ఐ5 నాలుగో జనరేషన్‌ది. యూట్యూబ్‌ల క్లాసు పెడితె చాలు, ఫ్యాను రైస్‌మిల్లు లెక్క మోగుతది. సారు మాట వస్తది గాని బోర్డు మీద చెయ్యి కదలది. కదిలేసరికి సారు ఇంకో లెక్కకు పోయి ఉంటడు. ఆర్నెల్లు వాడు నెట్‌నే తిట్టిండు. సిమ్ము మార్చిండు, పెద్ద రీచార్జి ఏసిండు, ఎండల డాబ మీద కూసోని సదివిండు. నేను పోయిన రోజు చూస్తె, వీడియో కింద ఉండే తెల్లగీత మస్తు ముందుకు పోయి ఉన్నది. అంటే డేటా మంచిగనే వస్తున్నది. వచ్చిన మూటను విప్పుడే లాప్‌టాప్‌తోని అయితలేదు.

ఈ మూట ముచ్చట మన ఊర్లల్ల ఎవ్వరూ చెప్పరు. వీడియో ఆగితె సిగ్నల్ లేదంటరు, ఖతం.

జర లెక్క చేద్దాం. 1080పీ వీడియోల ఒక్క బొమ్మకు ఇరవై లక్షల పైచిలుకు చుక్కలు. చుక్కకు మూడు బైట్లు. సెకండుకు 25 బొమ్మలు. మూట కట్టకుండ పంపితె సెకండుకు 155 ఎంబీ. రోజుకు ఒకటిన్నర జీబీ డేటా పది సెకండ్లల్ల అయిపోతది. యూట్యూబ్ చెప్పే ప్రకారం 1080పీకి 5 మెగాబిట్ల స్పీడు ఉంటె సాలు. అంటే అసలు వీడియోను దగ్గరదగ్గర 250 వంతులు కుదిస్తున్నరన్నట్టు. ఎట్ల? మొత్తం బొమ్మను అప్పుడొకటి అప్పుడొకటి పంపుతరు. నడుమల మాత్రం ఏది మారిందో గదే పంపుతరు. సారు ఎనుక గోడ మారదు, దాన్ని మళ్ల మళ్ల పంపుడెందుకు?

గందుకే బ్లాక్‌బోర్డు క్లాసు తక్కువ డేటాల సుత మంచిగ వస్తది. అదే బతుకమ్మ ఆడే వీడియో పెట్టున్రి. వంద మంది చీరలు తిరుగుతుంటయి, పూలు ఊగుతుంటయి, బొమ్మల ఏ మూలా ఆగి ఉండది. అన్నీ మారుతుంటె దేన్ని ఇడిసిపెడతది? అప్పుడు తంగేడు పూలు పసుపు గడుల లెక్క కనవడతయి. కెమెరా తప్పు కాదది.

ఇంకో ముచ్చట క్లాసులు చెప్పేటోళ్లకు. మన కన్ను వెలుతురును పట్టినంత బాగ రంగును పట్టది. అందుకని కుదించేటప్పుడు రంగుల వివరం నాలుగో వంతే ఉంచుతరు. నీలం స్లైడు మీద ఎర్ర అక్షరాలు పెడితె అవి అలుక్కపోయేది గిందుకే. నల్ల బోర్డు మీద తెల్ల అక్షరం, జర పెద్దగ రాస్తె 360పీల సుత సదవొచ్చు. పైసలు తీసుకొని కోర్సులు అమ్మే యాప్‌లళ్ల సుత జిల్లాల మ్యాపు మీద చీమలసొంటి అక్షరాలు పెడుతున్నరు. ఊర్ల ఉన్న పోరనికి అది మ్యాపు కాదు, మరక.

ఇగ అసలు రాజకీయం మూట కట్టే పద్ధతిల ఉన్నది. 2003ల వచ్చిన హెచ్.264 అన్నిట్ల నడుస్తది, పాత ఫోన్లల్ల సుత. 2013ల గూగుల్ వీపీ9 తెచ్చింది. 2018ల గూగుల్, నెట్‌ఫ్లిక్స్, అమెజాన్ అసొంటి కంపెనీలు కలిసి ఏవీ1 తెచ్చినయి. రాయల్టీ కట్టే పని లేదు, అదే క్వాలిటీ తక్కువ డేటాల వస్తది. కంపెనీకి ఖర్చు తగ్గుతది, మనకు డేటా మిగులుతది. అబద్ధం కాదు. కాని ఎంత గట్టిగ కడితె ఇప్పుడు అంత కష్టం. విప్పుటానికి చిప్పుల ప్రత్యేకంగ జాగ ఉండాలె. ఇంటెల్‌ల వీపీ9కు అది పూర్తిగ వచ్చింది ఏడో జనరేషన్ సంది, ఏవీ1కు పదకొండో జనరేషన్ సంది. అంతకంటె పాతదైతె ప్రాసెసరే చేతుల తోటి ఇప్పుతది. ఫ్యాను మోగేది గందుకే. కంపెనీలు బరువు తగ్గించుకున్నయి, కొత్త మెషీన్ కొనలేనోని నెత్తి మీద పెట్టినయి.

బ్రౌజర్‌కు ఈడనే పని. వీడియో మొదలయ్యే ముందు మీ బ్రౌజర్‌ను యూట్యూబ్ అడుగుతది: నువ్వు ఏ మూట విప్పగలవని. క్రోమ్ అన్నీ వస్తయంటది, మెషీన్‌కు చేతగాకున్నా సరే. ఆపిల్ సఫారీ చాన ఏండ్లు వీపీ9 వద్దన్నది. గందుకే 2020 దాక మ్యాక్‌ల సఫారీల యూట్యూబ్ 4కే రాకపోయేది, అదే మ్యాక్‌ల క్రోమ్ పెడితె వచ్చేది. నెట్‌ఫ్లిక్స్ సుత అంతే. చాన కాలం క్రోమ్‌ల 720పీ దాటనియ్యలే, ఎడ్జ్‌ల మాత్రం 4కే ఇచ్చింది. అది మూట కత కాదు, తాళం కత. దొంగ కాపీలు కాకుండ వీడియోకు తాళమేస్తరు. తాళం గట్టిగున్న కాడనే మంచి బొమ్మ ఇస్తరు.

ఫోన్లల్ల ఈ తాళం పేరు వైడ్‌వైన్. ఎల్1 ఉంటె హెచ్‌డీ, ఎల్3 ఉంటె 480పీ దగ్గరనే ఆగుతది. 2018ల పోకో ఎఫ్1 అంత పేరున్న ఫోన్‌కే ఎల్1 లేకుంటె జనం లొల్లి చేసిన్రు, 2019ల అప్‌డేట్ ఇచ్చిన్రు. డబ్బా మీద కెమెరా మెగాపిక్సెళ్లు పెద్దగ రాస్తరు, ఈ ముక్క మాత్రం రాయరు. నా మాటైతె, దీన్ని డబ్బా మీద అచ్చేయాలని సర్కారు రూలు పెట్టాలె. ఓటీటీ ప్యాకుకు పట్నపోడు కట్టిన పైసలే మనం సుత కడతం గద, ఒక్క రూపాయి తగ్గించరు.

1080పీ అన్న అంకెను సుత ఊకె నమ్మొద్దు. అది చుక్కల లెక్కనే, క్వాలిటీ కాదు. 2023ల యూట్యూబ్ "1080పీ ప్రీమియం" అని పెట్టింది: చుక్కలు అన్నే, డేటా ఎక్కువ, పైసలు కట్టినోళ్లకే. లాక్‌డౌన్ మొదట్ల, 2020 మార్చిల, ఓటీటీ కంపెనీలన్నీ కూడబలుక్కొని మొబైల్ నెట్‌ల 480పీ దాటనియ్యమన్నయి. తలుచుకుంటె బొమ్మను ఎంతకైనా దించొచ్చని అప్పుడే తెలిసింది.

మీ కాడ తప్పు ఎక్కడున్నదో చూసుకునుడు అల్కగనే. లాప్‌టాప్‌ల యూట్యూబ్ వీడియో మీద రైట్ క్లిక్ కొట్టి "స్టాట్స్ ఫర్ నర్డ్స్" తెరవున్రి. కోడెక్ కాడ ఏవీసీ1 ఉంటె హెచ్.264, వీపీ09 ఉంటె వీపీ9, ఏవీ01 ఉంటె ఏవీ1. బఫర్ హెల్త్ బాగుండి, డ్రాప్డ్ ఫ్రేమ్స్ అంకె పెరుగుకుంట పోతుంటె నెట్ తప్పు కాదు, మెషీన్ తప్పు. బఫర్ సున్నాకు పడితె అప్పుడు టవర్‌ను తిట్టున్రి. మెషీన్ తప్పైతె ముందుగాల బ్రౌజర్ సెట్టింగ్స్‌ల సిస్టమ్ కాడ గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ ఆన్ ఉన్నదో లేదో చూడున్రి. ఉన్నా ఆగితె "హెచ్264ఐఫై" అనే ఎక్స్‌టెన్షన్ ఏసుకోన్రి, అది యూట్యూబ్‌ను పాత మూటనే పంపమంటది. డేటా జర ఎక్కువ పోతది, 1080పీ దాటది, కాని ఆగది.

వాట్సాప్‌ల పెండ్లి వీడియో మామూలుగ పంపితె అది సుత కుదిస్తది. డాక్యుమెంట్ లెక్క పంపున్రి, ఉన్నది ఉన్నట్టు పోతది.

మా తమ్మునికి ఆ ఎక్స్‌టెన్షన్ ఏసిన. ఫ్యాను సప్పుడు తగ్గింది, సారు చెయ్యి కదిలింది. వాడు చాన సేపు స్క్రీన్ దిక్కే చూసి, "అన్నా, మరి ఆర్నెల్ల రీచార్జి పైసలు?" అన్నడు.