బెల్లం రంగు, బెల్టు రంగు

రంగు చేసే మోసాన్ని గురించి అనకాపల్లి వారికి ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. బెల్లం దిమ్మ పసుపుపచ్చగా నిగనిగలాడితే మంచి ధర పలుకుతుంది. రంగు తగ్గితే ధరా తగ్గుతుంది. అందుకే పాకంలో హైడ్రోస్ కలిపే అలవాటు వచ్చింది. నల్లబెల్లమే ఒంటికి మంచిదని ఎరిగినవాడు కూడా కొనేటప్పుడు పచ్చ దిమ్మ మీదే చెయ్యి వేస్తాడు. మన చిన్న పట్టణాలలో సాగుతున్న కరాటే శిక్షణను తలచుకుంటే నాకు ఈ బెల్లం వ్యవహారమే గుర్తుకు వస్తుంది.

1980లలో సుమన్, భానుచందర్‌ల సినిమాలు చూసి మన కుర్రకారు కరాటే మోజులో పడ్డారు. ఆ మోజు ఇప్పుడు బెల్టుల మోజుగా మారింది. కొన్ని నెలలకొక పరీక్ష, పరీక్షకొక రుసుము, ఆపైన ఒక కొత్త రంగు, పత్రికలో ఒక ఫోటో. నిజానికి బెల్టు కరాటేకు పుట్టుకతో వచ్చినది కాదు. జూడో స్థాపకుడు జిగోరో కానో ఏర్పరచిన శ్రేణుల పద్ధతిని ఒకినావా గురువు గిచిన్ ఫునకోషి స్వీకరించి, 1924లో తన శిష్యులకు తొలిసారిగా నల్ల బెల్టులు ప్రదానం చేశాడు. అది విద్యార్థి ఏ మెట్టు మీద ఉన్నాడో తెలిపే గుర్తు మాత్రమే. ఇవాళ ఆ మెట్టే మేడ అయి కూర్చుంది.

ఇందులోని వింత ఏమిటంటే, ప్రపంచ కరాటే సమాఖ్య నిర్వహించే పోటీలలో ఈ రంగులకు విలువే లేదు. బరిలోకి దిగిన ఇద్దరిలో ఒకరికి ఎరుపు బెల్టు, మరొకరికి నీలం బెల్టు. అంతే. సంపాదించుకున్న నలుపును బయటే విప్పి రావాలి. ఏళ్ళ తరబడి తండ్రి కష్టార్జితంతో కొన్న రంగు అసలైన పరీక్ష నాడు కంటికే కనబడదు. అక్కడ మిగిలేది పిల్లవాడి కాళ్ళలోని చురుకు, కంటిలోని అంచనా.

ఆ బరి ఎనిమిది మీటర్ల చదరం. పెద్దల పోరుకు గడువు మూడు నిమిషాలు. గుద్దుకు ఒక పాయింటు, నడుముపై తన్నుకు రెండు, తలపై తన్నుకు మూడు. ఎనిమిది పాయింట్ల ఆధిక్యం వస్తే పోరు అక్కడితో ముగుస్తుంది. అయితే తగిలిన ప్రతి దెబ్బకూ పాయింటు రాదు. సరైన రూపం, సరైన దూరం, సరైన క్షణం, కొట్టిన తరువాత కూడా సడలని ఎరుక ఉండాలి. అన్నిటికంటె ముఖ్యం అదుపు. 2021 ఆగస్టు 7న టోక్యో ఒలింపిక్సులో 75 కిలోలకు పైబడిన విభాగపు ఫైనల్లో సౌదీ అరేబియా క్రీడాకారుడు తారెగ్ హమేదీ 4-1తో ముందున్నాడు. అతని తన్నుకు ఇరాన్ ఆటగాడు సజ్జాద్ గంజ్‌జాదే స్పృహ తప్పి పడిపోయాడు. న్యాయనిర్ణేతలు హమేదీని అనర్హుడిగా ప్రకటించారు. స్ట్రెచర్ మీద వెళ్ళినవాడికి స్వర్ణం దక్కింది. ఆ తీర్పు మీద వాదించేవారు వాదించవచ్చు గాని, అందులోని పాఠం కాదనలేనిది. పెనం ఎప్పుడు దించాలో తెలియనివాడు ఎంత మంట పెట్టినా బెల్లం వండలేడు.

మరి మన పిల్లలకు ఏమి నేర్పుతున్నాము? వరుసలో నిలబెట్టి గాలిలో గుద్దులు, వార్షికోత్సవంలో పెంకులు పగలగొట్టడం. పెంకు తిరిగి కొట్టదు, పక్కకు జరగదు, ఏమార్చదు. ఎదుటి మనిషి లేని సాధన నేల విడిచిన సాము. పోరుకు కావలసినది రకరకాల ప్రత్యర్థులు. పొడుగువాడు, పొట్టివాడు, ఎడమచేతి వాటంవాడు, ముందుకు దూకేవాడు, కాచుకుని కూర్చునేవాడు. సమాఖ్య లెక్కలో 14, 15 ఏళ్ళవారికి ప్రత్యేక విభాగం ఉంది. ఆ వయసుకే పిల్లవాడు వందల పోరులు ఆడి, వాటిలో చాలా ఓడి ఉండాలి. దీనికి పెద్ద ఖర్చు అక్కరలేదు. ఊరిలోని శిక్షణశాలలు పంతాలు మాని నెలకొకసారి ఒక బరిపై కలిస్తే చాలు. విశాఖపట్నం ఎంత దూరమని? కాని ఒక గురువు శిష్యులు మరొక గురువు గడప తొక్కరాదన్న కట్టుబాటు దానికి అడ్డు.

చిన్న ఊరికి ఇంతకంటె సాధ్యమా అనేవారున్నారు. టోక్యోలో కతా స్వర్ణం గెలిచిన ర్యో కియునా ఒకినావా ద్వీపంవాడు. అతని గురువు త్సుగువో సకుమోతో స్వయంగా ప్రపంచ విజేత. అది కరాటే పుట్టినిల్లు కదా అంటారేమో. సరే, మన ఉత్తరాంధ్రకే వద్దాం. ఆమదాలవలస పిల్ల కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్సులో కాంస్యం తెచ్చింది. ఆమెకు తొలి పాఠాలు చెప్పినవారు నీలంశెట్టి అప్పన్న. ఊరు చిన్నదైతే కొరత కాదు, గురువు దృష్టి చిన్నదైతేనే కొరత.

పైస్థాయి గందరగోళం కూడా తక్కువది కాదు. భారత ఒలింపిక్ సంఘం 2020లో భారత కరాటే సంఘం గుర్తింపును రద్దు చేసింది. ఎవరు అసలు, ఎవరు నకలు అన్నది తల్లిదండ్రులకు అంతు పట్టదు. ఆ సందులో ఎవరు బడితే వారు బ్యానరు మీద అంతర్జాతీయ అని రాసుకుని పతకాలు పంచుతున్నారు. 2024 పారిస్‌లో కరాటే లేదు, 2028 లాస్ ఏంజెలెస్ జాబితాలోనూ లేదు. ప్రపంచ పోటీలు, 1994 నుండి కరాటే ఉన్న ఆసియా క్రీడలు మాత్రం ఉన్నాయి. ఆ దారి ఇరుకని పిల్లలకు ముందే చెప్పడం గురువు ధర్మం.

అందరూ ప్రపంచ పోటీలకు వెళ్ళనక్కరలేదు. ఆరోగ్యానికి నేర్చుకోవచ్చు, ఆడపిల్లలు ధైర్యం కోసం నేర్చుకోవచ్చు. అది చిన్న ప్రయోజనమేమీ కాదు. అలాగైతే ఆ మాటే చెప్పి నేర్పాలి. పతకం ఆశ చూపి బెల్టు అమ్మడం మాత్రం తగదు. పిల్లవాణ్ణి చేర్పించే ముందు తల్లిదండ్రులు ఎన్ని నెలలకు నల్ల బెల్టు వస్తుందని అడగడం మానాలి. మావాడు ఈ ఏడాది ఎందరు కొత్తవారితో తలపడతాడు, ఓడి వచ్చిన నాడు మీరు వాడికి ఏమి చెబుతారు అని అడగాలి. ఈ రెండింటికీ జవాబు చెప్పగల గురువు చేతిలో మన పిల్లల బాల్యం వృథా పోదు.