స్పానిష్‌లో హద్దుల మాటలు



టెక్సాస్, కాలిఫోర్నియా రాష్ట్రాలలో ఉంటున్న మన బిడ్డలకు దుకాణంలోను, ఆసుపత్రిలోను, ఇంటి పనికి వచ్చేవారి నోటను స్పానిష్ వినబడుతుంది. పలకరింపులు త్వరగానే వస్తాయి. కాని కలిసి పనిచేసే చోట ఎక్కువగా అక్కరకు వచ్చేవి హద్దు చెప్పే మాటలు: ఇంతవరకే, ఇక చాలు, నావల్ల కాదు.

మనము చేనికి గట్టు, ఊరికి పొలిమేర, దేశానికి సరిహద్దు అంటాము గదా. స్పానిష్‌వారిదీ అదే పద్ధతి. పొలానికీ పొలానికీ నడుమ ఉన్నది "లిందేరో". దేశాల నడుమ ఉన్నది "ఫ్రోంతేరా". అమెరికా మెక్సికోల మధ్య సుమారు 3,100 కిలోమీటర్లు సాగేది ఫ్రోంతేరాయే. దానిని లిందేరో అంటే నవ్వుతారు. వేగానికి, ఖర్చుకు, ఓర్పుకు ఉండే హద్దు "లీమితే". పిల్లలను అదుపులో పెట్టడాన్ని కూడా "పోనేర్ లీమితేస్", అనగా హద్దులు పెట్టడం అంటారు. లిందేరో, లీమితే రెండూ ఒకే లాటిన్ మాట సంతతి. ఒకటి పొలంలో ఉండిపోయింది, రెండవది పట్నం చేరింది.

స్పానిష్ బైబిలులో సామెతలు 22:28 చూడండి. 1909 ముద్రణలో "తేర్మినో" అని ఉన్నచోట 1960 సవరణలో "లిందేరోస్" అని మార్చారు. తేర్మినో అంటే హద్దే గాని, ముగింపు అనే అర్థమూ ఉన్నది. రైతుకు లిందేరోయే తేటగా వినబడుతుంది.

అన్నిటికంటె జాగ్రత్త కావలసిన మాట "ఆస్తా". వరకు అని అర్థం. "ఆస్తా మన్యానా" అంటే రేపటివరకు సెలవు. అయితే "ప్వేదే కోమేర్ ఆస్తా లాస్ ఓచో" అన్నారనుకోండి. స్పెయిన్‌వారికి ఎనిమిదింటివరకు తినవచ్చు అని అర్థం. మెక్సికో, మధ్య అమెరికా, కొలంబియా వారిలో అనేకులు ఎనిమిదయ్యేదాకా తినకూడదు అని గ్రహించవచ్చు. శస్త్రచికిత్సకు ముందు ఉపవాసముండవలసిన రోగి విషయంలో ఇది చిన్న సంగతి కాదు. అందుచేత ఆసుపత్రులలో పనిచేసే మన నర్సు బిడ్డలు ఆస్తాను వదలి, ఎనిమిదికి ముందు అనడానికి "ఆంతెస్ దె లాస్ ఓచో" అని, ఎనిమిది మొదలుకొని అనడానికి "దేస్దే లాస్ ఓచో" అని చెప్పడం క్షేమం.

మనుషుల మధ్య హద్దుకు "నో ప్వేదో", నావల్ల కాదు, అనేది మర్యాదగల మాట. ఎవరైనా మితిమీరితే "సె పసో దె లా రాయా", గీత దాటాడు, అంటారు. రాయా అంటే గీత. మన రాయి కాదు సుమా! "బాస్తా" అంటే చాలు. "యా బాస్తా" అంటే ఇక చాలించు అని కోపం. భోజనానికి పిలిచిన ఇంట్లో అమ్మగారు మళ్లీ వడ్డించబోతే మన అలవాటు చొప్పున చాలు చాలు అనుకొని "బాస్తా, బాస్తా" అనకండి, ఆమె నొచ్చుకుంటుంది. "ఆసీ ఎస్తా బ్యేన్, గ్రాసియాస్" అనండి. ఇంతే బాగుంది, కృతజ్ఞతలు, అని దాని భావం.